ఎన్ని గొర్రెలని అడగొద్దు

గొర్రెలు ఎన్నున్నాయని అడిగినందుకు మా నాయిన నాతో మాట మానేశాడు. అడిగింది దారిన పోయేవాడైతే నవ్వి ఊరుకునేవాడు. కన్నబిడ్డ అడిగింది. అదీ ఒక్క ఆయన్ని కాదు, చుట్టుపక్కల ఊళ్ళలో మందలు కాసే వాళ్ళందరినీ, ఫోన్లో, ఒక కంపెనీ పేరు మీద అడిగింది. తప్పు నాదే. ఆ తప్పు ఎలా చేశానో, దాన్ని దిద్దుకోవడానికి ఏం వదులుకున్నానో చెబుతాను. వదులుకున్నందుకు నాకు చింత లేదని కూడా ముందే చెబుతున్నాను, ఎందుకంటే జాలి చూపేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

మాది కొత్తకోట నుంచి లోపలికి వెళ్తే వచ్చే చిన్న ఊరు. ఎర్రమట్టి, రాళ్ళు, వానను నమ్ముకున్న చేలు. మా ఇండ్లల్లో సేద్యం పేరుకే, బతుకంతా గొర్రెల మీద. మాటలొచ్చిన పిల్లలకు మొదట నేర్పేది మంద ఎంతుందో నోటితో చెప్పకూడదని. చెబితే దిష్టి తగులుతుందని మా అవ్వ అంటుంది. దిష్టి మాట ఎలా ఉన్నా, అడగకపోవడం మాత్రం మర్యాద. పక్కింటివాళ్ళు కూడా ఒకరినొకరు అడగరు. తెలియనివాడు ఎవడైనా అడిగితే, "ఉన్నయి తియ్యి జర" అని మాట మారుస్తారు. అన్నం తింటున్న మనిషిని ఎన్ని ముద్దలు తిన్నావని అడిగినట్టుంటుంది మాకు ఆ ప్రశ్న.

మరి లెక్క లేకుండా ఎలా కాస్తారని పట్నంవాళ్ళు ఆశ్చర్యపోతారు. సాయంత్రం మంద దొడ్డికి చేరగానే మా నాయిన ఒక్క చూపు చూస్తాడు. "నల్లచెవుల దాని పిల్ల రాలే" అంటాడు. అంతే. పిల్ల లేని తల్లి అరుస్తుంది, తల్లి లేని పిల్ల అరుస్తుంది, ఆయనకు అన్ని ముఖాలూ తెలుసు. బడికి పోయిన నాకు మాత్రం అంకెలు తెలుసు. ఎనిమిదో తరగతిలో ఒక పొద్దున మంద బయటికి వస్తుంటే లెక్కపెట్టి ఆయనకు గొప్పగా చెప్పాను, మెచ్చుకుంటాడని. చెంప పగిలింది. ఆ దెబ్బకు నాకు లెక్కల మీద మోజు పెరిగిందే గానీ తగ్గలేదు.

డిగ్రీ మహబూబ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి చదివాను. రాష్ట్రం వచ్చిన కొత్త. నోటిఫికేషన్లు పడతాయని ఎక్కడ చూసినా ఒకటే మాట. జిల్లా గ్రంథాలయం తలుపు తీయగానే పిల్లలు పరుగెత్తి కుర్చీల మీద నీళ్ళ సీసాలు, తువాళ్ళు వేసి జాగా పట్టుకునేవారు. అందరి ముందూ అవే గైడ్లు, అవే పాత ప్రశ్నపత్రాలు. నేనూ ఆరు నెలలు వాటి ముందు కూర్చున్నాను. ఏ రాజు ఏ చెరువు తవ్వించాడో బట్టీ పట్టి, ఆ చెరువు దగ్గర ఇప్పుడు ఎవరుంటున్నారో ఒక్క ప్రశ్న కూడా లేకపోతే నాకు విసుగొచ్చింది.

గోడవారన ఒక ఇనుప బీరువా ఉండేది. తాళం తీయమని అడిగితేనే తీసేవారు, ఎవరూ అడిగేవారు కాదు. అందులో జీవితంలో పైకి రావడం ఎలాగో, వ్యాపారం మొదలుపెట్టడం ఎలాగో చెప్పే పుస్తకాలు ఉండేవి, తెలుగులో కొన్ని, ఇంగ్లీషులో ఎక్కువ. పరీక్షలో రావు కాబట్టి వాటి మీద దుమ్ము ఉండేది. ఒక్కొక్కటే తీసుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మా గదిలో ఉండే అమ్మాయి ఒకరోజు అడిగింది.

"గివి సదివితే నౌకరొస్తదానే?"

"రాదు," అన్నాను. "అందుకే సదువుతున్న."

అది పొగరు మాటే. నా దగ్గర అప్పుడు పొగరు తప్ప ఏమీ లేదు. అయినా ఆ పుస్తకాలు నాకు మేలే చేశాయి. నాలాంటిదాన్ని ఎవరూ అడగని ప్రశ్నలు అడిగాయి. నీకు ఏం కావాలి, ఎందుకు కావాలి, ఎవరికి ఉపయోగపడతావు అని ఒక పుస్తకం అడిగితే నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మా ఇంట్లో, బడిలో, కాలేజీలో ఎవరూ అడగలేదు ఆ మాట. ఒక్కటే లోటు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళలో ఒక్కరికీ గొర్రెలు లేవు. అది లోటని నాకు తెలియడానికి ఐదేళ్ళు పట్టింది.

డిగ్రీ అయ్యాక జడ్చర్లలో మందుబిళ్ళలు చేసే కంపెనీ ల్యాబులో రెండేళ్ళు పనిచేశాను. పొద్దంతా తూకాలు, కొలతలు. అక్కడ ఉండగానే ఒక కొత్త స్టార్టప్ వాళ్ళు గొర్రెలవాళ్ళ గురించి తెలిసిన మనిషి కావాలని వెతుకుతున్నారని విన్నాను. చౌరస్తా దగ్గర టైర్ల దుకాణం మీద రెండు గదులు వాళ్ళ ఆఫీసు. కంపెనీ పెట్టినాయన నాకంటే మూడేళ్ళే పెద్ద, హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాడు, పెద్ద జీతం వదిలి వచ్చినవాడు. సార్ అంటే ఒప్పుకునేవాడు కాదు, పేరు పెట్టి పిలవమనేవాడు. నాకు నోరు రాలేదు. ఆ రెండేళ్ళూ ఆయన్ని ఏమీ పిలవకుండానే మాట్లాడాను.

ఆయన ఆలోచన మంచిది, ఇప్పటికీ మంచిదనే అంటాను. మా వైపు ఎండాకాలం గడ్డి ఉండదు. యాసంగి వరి కోతలు కాగానే మా మందలు హుజూర్‌నగర్ వైపు, కృష్ణా కాలువల కింది పొలాలకు నడుస్తాయి. కోసిన పొలంలో గొర్రెలు పగలు మేస్తాయి, రాత్రి అక్కడే పడుకుంటాయి. వాటి పెంటతో నేలకు బలం వస్తుంది కాబట్టి రైతు తన పొలంలో మంద పండబెట్టించుకుంటాడు, బదులుగా వడ్లో పైసలో ఇస్తాడు. ఎప్పటినుంచో జరుగుతున్న పనే. కాకపోతే ఏ రైతుకు మంద కావాలో మావాళ్ళకు తెలియదు, మంద ఏ దారిలో ఉందో రైతుకు తెలియదు. ఇద్దరినీ ఫోన్లో కలిపితే వెతుకులాట తప్పుతుందని ఆయన అన్నాడు. నేను మందుబిళ్ళల నౌకరీకి ఆ వారమే సలాం కొట్టాను. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా, నా ఇంటి పనితోనే నేను గెలవబోతున్నానని పొంగిపోయాను.

చదవడం రాని కాపరులు కూడా యాప్ వాడాలని, ఫోను ప్రశ్న చదివి వినిపించేలా చేశారు. ఆ గొంతు నాది. పుస్తకాల భాషలో చదవమని ఎవరో సలహా ఇస్తే, మా ఊరి మాటే మాట్లాడతాను లేదంటే వేరేవాళ్ళను చూసుకోండి అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. ఆ మాత్రం పట్టుదల ఉన్న దాన్ని, అసలు ప్రశ్న దగ్గర బోర్లాపడ్డాను. కాపరిని అడిగే ప్రశ్నలు రాసింది నేనే, వాటిలో మొట్టమొదటిది: మీ మందల గొర్రెలు ఎన్ని?

తెలియక రాయలేదు. తెలిసే రాశాను. నోటితో చెప్పకూడదు గానీ వేలితో నొక్కితే ఏమవుతుంది అనుకున్నాను. లెక్క లేనిదే వ్యాపారం లేదని బీరువాలోని ప్రతి పుస్తకంలో ఒక అధ్యాయం ఉండేది. రైతుకు వస్తున్న మంద ఎంతో తెలియాలి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, మా ఇంటి మూఢనమ్మకాన్ని నా చదువుతో ఓడిస్తున్నానన్న సంబరం కూడా ఉంది. మా అవ్వకు ఆ ప్రశ్న నా గొంతులోనే వినిపించాను. ఆమె వక్క నమలడం ఆపి, "సదవేస్తే ఉన్న మతి పాయె," అని మళ్ళీ నమలడం మొదలుపెట్టింది.

ఊరూరు తిరిగి కాపరుల ఫోన్లలో యాప్ ఎక్కించాను. మా నాయిన ముఖం చూసి, నా ముఖం చూసి ఎవరూ కాదనలేదు. కాదనకుండా అందరూ అబద్ధం చెప్పారు. ఒకాయన ఒకటి అని నొక్కాడు. ఇంకొకాయన తన ఇంటి నంబరు నొక్కాడు. మా చిన్నాయన వంద అన్నాడు. ఆయన మందకూ వందకూ ఏ సంబంధమూ లేదు. మా నాయిన నా వంక చూడకుండా పైకప్పు చూసి ఒక అంకె చెప్పాడు. అది తప్పని తెలిసే నొక్కాను. ఆఫీసు గోడ మీద పెట్టిన తెరలో ఆ అబద్ధాలన్నీ కూడి ఒక పెద్ద మొత్తంగా కనిపించేవి. కంపెనీ పెట్టినాయన చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను.

ఆ ఎండాకాలం మా నాయిన, చిన్నాయన, ఇంకో రెండిండ్ల వాళ్ళు ఎప్పటిలాగే నాలుగు మందలు కలుపుకుని హుజూర్‌నగర్ దారి పట్టారు. ఎప్పటిలాగా కానిది ఒక్కటే. ప్రతి ఏడాదీ మా నాయిన ముందుగా బస్సులో పోయి, తెలిసిన ఆసాములను చూసి, మాట కలుపుకుని వచ్చేవాడు. ఈసారి పోవద్దన్నాను. "ఫోన్ల ఆసామి కుదిరిండు నాయినా, సక్కగ తోలుకపోరి," అన్నాను. ఆయన నా మాట మీద తోలుకుపోయాడు.

పదిహేను రోజులు నడిచి పోయారు. ఆ రైతు పొలం గట్టు మీద నిలబడి మందను చూసి చేతులు అడ్డం పెట్టాడట. ఫోన్లో చూసిన అంకెను బట్టి చిన్న మంద అనుకున్నాడు. వచ్చింది చూస్తే ఆయన పొలానికి మించింది, పైగా పక్క చెక్కల్లో ఇంకా కోయని వరి నిలబడి ఉంది. "చెప్పిందొకటి, తెచ్చిందొకటి. ఇంత మంద దిగితే పక్కోడి చేను మిగలదు," అని పంపించేశాడు. ఆయన తప్పు రవ్వంత లేదు. అప్పటికి పాత ఆసాములందరూ వేరే మందలకు మాట ఇచ్చేశారు. మూడు రోజులు మావాళ్ళు కాలువ కట్టల మీద, రోడ్డు పక్కన, ఎక్కడ నిలబడితే అక్కడ ఎవరో ఒకరు వెళ్ళగొడుతుంటే తిరిగారు. కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలు రెండు ఎండకు చనిపోయాయి.

చిన్నాయన ఫోన్ చేస్తే, జడ్చర్ల నుంచి కల్వకుర్తి, దేవరకొండ, మిర్యాలగూడ మీదుగా బస్సులు మారుతూ పోయాను. నా ఒంటి మీద కంపెనీ టీషర్టు ఉంది. కాలువ కట్ట మీద తుమ్మచెట్టు నీడలో మా నాయిన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. చిన్నాయన ఊరుకోలేదు.

"గొర్రె కసాయోన్నే నమ్ముతదంటరు. మనం గొర్రెలకన్న తెలివున్నోళ్ళం అనుకుంటిమి."

నాకు కోపం వచ్చింది. తప్పు చేసినప్పుడు నాకు ముందు కోపమే వస్తుంది.

"మీరు నిజం చెప్పుంటే గిట్లయితుండెనా? అందరు తలో అబద్ధం చెప్పిన్రు!"

"అడగరానిది అడిగినంక నిజం యాడికెళ్ళొస్తది బిడ్డా?" అన్నాడు చిన్నాయన.

ఆ మాట నేను ఇన్నేళ్ళు చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు. మా నాయిన నాతో కాకుండా చిన్నాయనతో అన్నాడు, నాకు వినబడేలా: "ఇగ ఫోన్ల మాట మీద మన మంద కదలది." అది నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. కంపెనీ పోతే ఇంకో కంపెనీ దొరుకుతుంది. నా మాట మీద మా నాయిన మందను మళ్ళీ ఒక్క అడుగైనా వేయించకపోతే నా చదువు, నా పని, నేను, అన్నీ దండగే అనిపించింది.

మరునాడు మధ్యాహ్నం మోటారుసైకిల్ మీద పోతున్న ఒక పెద్దాయన మందను చూసి ఆగాడు. దిగకుండానే అడిగాడు.

"రాత్రికి ఎంత జాగా కప్పుద్ది?"

"ఇర్వై గుంటలు, అరెకరం," అన్నాడు చిన్నాయన.

"మూడెకరాలుంది నాది. ఆరు రాత్రులా?"

"ఆరు రాత్రులు. పక్కపొంటి చేండ్లు కోసిన్రా?"

"అన్నీ అయిపోయినయ్. తోలుకురాండి."

బేరం కుదిరింది. ఎన్ని గొర్రెలన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. మంద రాత్రి పడుకుంటే ఎంత నేల నిండుతుందో అదే మంద కొలత. రైతుకు కావాల్సింది అదే, కాపరి చెప్పగలిగిందీ అదే. ఇది నాకు కొత్త సంగతి కూడా కాదు. ప్రతి వానాకాలం ఇంటికి తిరిగొచ్చిన మా నాయిన ఏ ఊళ్ళో ఎన్ని గుంటలు పండబెట్టాడో అమ్మకు చెబుతుంటే పక్కనే కూర్చుని విన్నాను. విన్నది మరిచిపోయి, చదివింది మాత్రం గుర్తుపెట్టుకున్నాను. మా అవ్వ మాటే నిజమైంది.

జడ్చర్ల తిరిగొచ్చి కంపెనీ పెట్టినాయనకు అంతా చెప్పాను. మొదటి ప్రశ్న తీసేద్దాం, గుంటలు అడుగుదాం, పక్క చేను కోశారా అని రైతును అడుగుదాం అన్నాను. ఆయన తెలివైనవాడు, నేను సగం చెప్పేలోపే అర్థం చేసుకున్నాడు. బల్ల మీద చెయ్యి కొట్టి బ్రహ్మాండం అన్నాడు. తర్వాత గోడ మీది తెర వైపు చూసి, "కానీ సంఖ్య కూడా కావాలి," అన్నాడు. డబ్బు పెట్టేవాళ్ళు వచ్చే వారం వస్తున్నారు. వాళ్ళకు గుంటలు అర్థం కావు. ఇన్ని ఊళ్ళు, ఇన్ని మందలు, ఇన్ని గొర్రెలు అని చూపించాలి, అదీ ఈసారి నిజమైన లెక్క.

"వాళ్ళు చెప్పరు," అన్నాను.

"వాళ్ళు చెప్పక్కర్లేదు. పొద్దున్నే మందలు బయటికి వదిలేటప్పుడు నువ్వు దగ్గర నిలబడి లెక్కపెట్టు. నువ్వు వాళ్ళమ్మాయివి. నిన్నెవరు అనుమానిస్తారు?"

ఆ మాటలో ఆయనకు ఏ చెడ్డ ఉద్దేశమూ లేదు. అందుకే నాకు భయం వేసింది. డబ్బు వస్తే ఊళ్ళలో పని మొత్తానికి నన్నే పెద్దను చేస్తానన్నాడు. నా బీరువా పుస్తకాలు చెప్పిన తలుపు అదే, తెరుచుకున్నప్పుడు వెనకాడకుండా దూరిపొమ్మన్న తలుపు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నాకు దిష్టి మీద నమ్మకం లేదు. అంకె చెబితే గొర్రె చస్తుందని నేను అనుకోను. పైగా నేను కొత్తగా పోయి లెక్కపెట్టాల్సిన అవసరం కూడా లేదు. కాలువ కట్ట మీద నిలబడి ఉన్నప్పుడే నా కళ్ళు వాటంతట అవి లెక్కపెట్టేశాయి. ల్యాబులో రెండేళ్ళు చేసిన పని ఊరికే పోలేదు. మా నాలుగిండ్ల మంద ఎంతో ఒక్కటి అటూ ఇటూ కాకుండా నాకు తెలుసు. నోరు తెరిస్తే చాలు.

అయితే ఆ అంకె ఒకసారి ఆ తెర మీదికి ఎక్కితే ఇక దిగదు. రేపు దానిని గొర్రెలు కొనే దళారి చూస్తాడు, ఎల్లుండి ఇంకెవరో చూస్తారు. కాపరి బేరానికి కూర్చోకముందే అతని దగ్గర ఏముందో, ఎన్ని రోజులు ఓపిక పట్టగలడో ఎదుటివాడికి తెలిసిపోతుంది. మా పెద్దవాళ్ళు దిష్టి అని పేరు పెట్టుకున్నది దీనికేనేమో. చూడకూడనివాడి కన్ను పడితే మంద తరిగిపోతుందని వాళ్ళన్నది నిజమే. పేరు తప్పై ఉండొచ్చు, జాగ్రత్త తప్పు కాదు.

"నేను లెక్కపెట్టను," అన్నాను.

"పెట్టవా? పెట్టలేవా?"

"పెట్టను."

"నువ్వు కూడా ఇలాంటివి నమ్ముతావా? చదువుకున్నదానివి."

"చదువుకున్న కాబట్టే పెట్ట," అన్నాను. కోపం వస్తే నాకు మా ఊరి మాటే వస్తుంది.

ఆయనకూ కోపం వచ్చింది. ఆరుగురి జీతాలు ఆయన నెత్తి మీద ఉన్నాయి, ఆయన బాధ ఆయనది. ఈ పని కాకపోతే నీతో ఇంకేం పని అని మర్యాదగా ఇంగ్లీషులో అడిగాడు. ఏమీ లేదని నేను అంతే మర్యాదగా చెప్పి మెట్లు దిగాను. పుస్తకాల్లో ఉద్యోగం పోయిన అధ్యాయం తర్వాతి అధ్యాయంలో గెలుపు ఉంటుంది. నాకు జడ్చర్ల బస్టాండులో ఎండ ఉంది, దేవరకొండ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే మనిషి కూడా లేడు. అయినా ఆ సిమెంటు బల్ల మీద కూర్చుని నేను ఏడవలేదు. ఏడుస్తానని ఎదురుచూశాను, రాలేదు. నా మాటకు నేను నిలబడిన రోజు అంతకు ముందు ఒక్కటి కూడా లేదని అప్పుడు తెలిసింది.

మంద ఆ పెద్దాయన మూడెకరాల్లో ఉంది. నేను పోయేసరికి మా నాయిన ఒక గొర్రె కాలిలో ముల్లు తీస్తున్నాడు. నౌకరీ వదిలేశానని, ఎందుకు వదిలేశానో చెప్పాను. మెచ్చుకుంటాడని మనసులో ఒక మూల ఆశ ఉండింది, అబద్ధం ఎందుకు. ఆయన ముల్లు తీయడం ఆపి, అన్ని రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు. మాట్లాడటం కాదు, అరిచాడు.

"గందుకు నౌకరి ఇడుస్తరా ఎవరన్న? ఏదో ఒక లెక్క చెప్పి పారెయ్యకపోయినవా? మేం చెప్పలే? ఎవడొచ్చి సూస్తుండె?"

"మీరు చెప్పిన లెక్కకే గద మూడొద్దులు కట్ట మీద పండిన్రు! ఇంకొకల్లను గూడ గట్లనే పండవెట్టాల్నా?" అని నేనూ అరిచాను.

గొర్రె బెదిరి చేతిలోంచి తప్పించుకుని పోయింది. చిన్నాయన నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. మా నాయిన నన్ను ఎగాదిగా చూసి, "తిన్నవా?" అన్నాడు. లేదన్నాను. సద్ది మూట నా వైపు జరిపాడు. అంతకు మించి రాజీ ఏమీ కుదరలేదు. ఫోన్ మాట మీద మంద కదలదన్న మాటను మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత నేను చేసిన పనికి స్టార్టప్ అని పేరు పెట్టుకుంటే నవ్వుతారు. యాప్ లేదు, ఆఫీసు లేదు. ఒక ఫోను, ఒక గీతల నోటుబుక్కు. రైతును రెండే అడిగేదాన్ని: ఎంత పొలం, పక్క చేను కోశారా. కాపరిని ఒక్కటే: రాత్రికి ఎన్ని గుంటలు. మొదట్లో కాపరులు నా ఫోన్ ఎత్తేవారు కాదు, పోయినసారి కథ అందరికీ తెలుసు. వనపర్తి దిక్కున ఇద్దరు ఒప్పుకున్నారు, వాళ్ళ మందలు దిగాల్సిన పొలాలు నేనే పోయి కాలినడకన చూసి వచ్చాను. ఆ ఇద్దరూ కుదిరాక ఇంకొందరు వచ్చారు. ఇల్లు గడవడానికి కొత్తకోటలో పిల్లలకు లెక్కలు చెప్పాను. కంపెనీ పెట్టినాయన ఇప్పుడు వేరే వ్యాపారంలో ఉన్నాడని విన్నాను. ఆయన చెడిపోవాలని నేను ఎప్పుడూ కోరుకోలేదు.

పుస్తకాలు మానలేదు. మానేస్తే ఓడిపోయినట్టు. కాకపోతే ఇదివరకు నచ్చిన వాక్యం కింద గీత గీసి ఊరుకునేదాన్ని, ఇప్పుడు పక్కన జవాబు రాస్తాను. లెక్క గురించిన అధ్యాయాల పక్కన "ఎవరి లెక్క? ఎవరి కోసం?" అని రాసి ఉంటుంది. కొన్నిచోట్ల ఒట్టి "నీకేం ఎరుక" అని ఉంటుంది. పుస్తకంతో కొట్లాడటం వచ్చాకే నాకు చదవడం వచ్చిందని అనుకుంటాను. చిన్నవాళ్ళు ఎవరైనా సలహా అడిగితే ఇదే చెబుతాను, చదవండి, తలూపకండి అని.

నా నోటుబుక్కులో అన్ని మందలూ ఉండేవి, మా నాయిన మంద తప్ప. రెండు ఎండాకాలాలు ఆయన పాత పద్ధతిలోనే బస్సెక్కి పోయి ఆసాములను చూసుకుని వచ్చాడు. నేను అడగలేదు. మూడో ఏడు కోతలప్పుడు ఆయనకు మోకాలు నొప్పి. బస్సు మెట్టు ఎక్కలేకపోయాడు. ఒక రాత్రి అన్నం తింటూ, నాకు కాదన్నట్టు, "గా దిక్కు నాలుగెకరాలోడు ఎవడన్న ఉన్నడా?" అన్నాడు. ఉన్నాడన్నాను. పొలం చూసినవా అన్నాడు. చూశానన్నాను. నాలుగోనాడు మంద కదిలింది.

మంద హుజూర్‌నగర్ చేరే రోజుకు నేను బస్సులో ముందే పోయి ఆసామి ఇంటి ముందు నిలబడ్డాను. దుమ్ము లేపుకుంటూ మంద వచ్చింది, ముందు చిన్నాయన, వెనక కుంటుతూ మా నాయిన. ఆసామి అరుగు మీది నుంచి చాలాసేపు చూశాడు.

"ఎన్నుంటయ్ మొత్తం?"

చిన్నాయన నేల చూశాడు. మా నాయిన నుదుటి చెమట తుడుచుకుని, "మా బిడ్డెను అడుగుండ్రి. మంద మాట ఆమెదే," అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు.

"రాత్రికి ఇర్వై గుంటలు కప్పుతది," అన్నాను. "మీ నాలుగెకరాలకు ఎన్మిది రాత్రులు. మీ చుట్టుముట్టు చేండ్లన్ని కోసిన్రు, నేను సూసిన."

"అది సరేనమ్మా. తలకాయలెన్ని? నీకు తెల్వదా?"

"ఎర్కే," అన్నాను. "చెప్ప."

ఆసామి ముఖం మాడింది. నా నోటి మూలంగా ఎనిమిది రాత్రుల బేరం చెడిపోయిందేమో అనిపించింది. అయినా కళ్ళు దించలేదు, మాట మార్చలేదు. మా నాయిన నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"చెప్పనన్నది గద. ఇగ చెప్పదు," అన్నాడు ఆసామితో. "పొలం ఏ దిక్కో చూపియ్యుండ్రి, గొర్రెలు ఆకలి మీదున్నయి."

ఆసామి అరుగు దిగి చెప్పులు వెతుక్కున్నాడు.